సుంకమ్మ కడుపులో విన్న చప్పుడు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి, ఇప్పుడూ అనుకోను. మా నాయన పత్తికొండ దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి. ఊళ్లో ఎవరికి పూనకం వచ్చినా, ఎవరింటి మీద రాళ్లు పడ్డాయన్నా, అది భయమే తప్ప ఇంకేమీ కాదని చెప్పి మమ్మల్ని పెంచాడు. ఆ తర్వాత నేను నర్సు చదువు చదివాను. ఎంతోమంది నా చేతుల మీదే పోయారు. పోయినవాళ్లలో ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు.

ఇప్పుడు చెప్పబోయే దానిలో కూడా ఎవరూ తిరిగిరాలేదు. ఎవరూ కనిపించలేదు. నేను చెవితో విన్నది ఒకటుంది. అదే చెబుతాను. నాతో పాటు ఇంకో ఇద్దరు విన్నారు. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. కర్నూలు జిల్లాలో ఆడవాళ్లకు, పిల్లలకు మాత్రమే వైద్యం చేసే ఒక మిషను ఆసుపత్రిలో నేను కాన్పుల వార్డు చూసేదాన్ని. డాక్టరు సుగుణమ్మ గారిది గుంటూరు వైపు. మద్రాసులో చదువుకున్నారు. అందరం డాక్టరమ్మ అని పిలిచేవాళ్లం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తనకు తెలియనిదాన్ని తెలియదని చెప్పేసే డాక్టరు. ఆ రోజుల్లో అలాంటి డాక్టర్లు తక్కువ.

ఎండలు ముదిరిన కాలంలో ఒక పొద్దున సుంకమ్మ అనే ఆమె ఎద్దుల బండిలో వచ్చింది. వర్షాధార భూములున్న రైతుల ఇంటి కోడలు. వెంట చెల్లెలు రంగమ్మ ఉంది. ఇద్దరూ ఒకే మనిషి భార్యలని కాసేపటికి తెలిసింది.

సుంకమ్మకు ముప్పై దాటి ఉండవు. సన్నగా, నల్లగా, పొలం పని చేసిన ఒళ్లు. కడుపు మాత్రం ఆరేడు నెలల గర్భిణికి ఉన్నట్టు ముందుకుంది. ఎన్నో నెల అని నేను అడిగాను. ఆమె చెల్లెలి వైపు చూసింది.

"ఎనిమిదేండ్లమ్మా," అంది రంగమ్మ.

నేను సరిగా వినలేదనుకుని మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది.

ఎనిమిదేళ్ల కిందట సుంకమ్మ కడుపుతో ఉంది. ఐదో నెలలో బిడ్డ కదలిక తెలిసింది. నెలలు నిండాక నొప్పులొచ్చాయి. ఊరి మంత్రసాని పక్కనే కూర్చుంది. రెండు రోజులు నొప్పులు పడ్డాక అవి వాటంతటవే ఆగిపోయాయి. బిడ్డ పుట్టలేదు. కదలిక కూడా ఆగింది. కొన్నాళ్లకు కడుపు కొంత తగ్గింది కానీ, బొడ్డు కింద గట్టిగా ఒక ముద్ద అలాగే మిగిలిపోయింది. ఆ తర్వాత నెలనెలా ముట్టు కూడా మామూలుగానే వచ్చింది.

మంత్రాలయం వెళ్లారు. కడప దర్గాకు వెళ్లారు. తాయెత్తులు కట్టించుకున్నారు. చివరికి అత్తగారు కొడుక్కి రెండో పెళ్లి చేస్తానంటే, పరాయి పిల్లెందుకని పుట్టింటివాళ్లు రంగమ్మనే ఇచ్చారు. రంగమ్మకు పిల్లలు పుట్టారు. వాళ్లకు నీళ్లు పోసింది, ఎత్తుకుని తిరిగింది ఎక్కువగా సుంకమ్మే.

డాక్టరమ్మ అంతా విని, ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు వచ్చావని అడిగారు.

సుంకమ్మ కొంగు సర్దుకుని మెల్లగా చెప్పింది. "ఇబుడు మళ్లా కదలతాండాదమ్మా."

డాక్టరమ్మ చాలాసేపు చేత్తో కడుపు పరీక్ష చేశారు. నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమన్నారు. ముద్ద బొడ్డు దాకా ఉంది. ఒకచోట గుండ్రంగా, ఒకచోట గడ్డలు గడ్డలుగా, వేళ్లకు రాయి తగిలినట్టే ఉంది. బయటికి వచ్చాక నాతో చెప్పారు. ఇది గర్భసంచికి పుట్టిన గడ్డయినా కావచ్చు, ఏళ్ల మీద అలాంటి గడ్డలు సున్నం పట్టి గట్టిపడతాయి. లేదా బిడ్డ గర్భసంచిలో కాకుండా బయట కడుపులో పెరిగి, పుట్టే దారి లేక లోపలే చనిపోయి ఉండొచ్చు. అప్పుడు ఒళ్లు దాని చుట్టూ సున్నం కట్టి దాచేస్తుంది.

"రాతిబిడ్డ అంటారు. పుస్తకంలో చదివాను, చూడలేదు," అన్నారు. "ఏదైనా సరే, ముట్టుకోకుండా వదిలేయడమే మంచిది. అన్నం తింటోంది, పని చేసుకుంటోంది. కోస్తే బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆమెకు నచ్చచెప్పి పంపించు."

ఎక్స్‌రే తీస్తే ఏదో తేలిపోయేది. అది మా దగ్గర లేదు. మద్రాసు దాకా పోవాలి. రైళ్లన్నీ సిపాయిలతో నిండిపోతున్న రోజులు. పైగా మద్రాసు అనగానే అక్కాచెల్లెళ్లిద్దరూ తలలు అడ్డంగా ఊపేశారు.

నేను నచ్చచెప్పబోయాను. లోపల ఉన్నది గడ్డ అనీ, కదులుతున్నట్టు అనిపించేది పేగులనీ, అందులో భయపడాల్సింది లేదనీ చెప్పాను. సుంకమ్మ ఓపికగా అంతా విన్నది. పక్క మంచం మీద గర్భిణికి నేను గొట్టం పెట్టి వినడం ఆమె అంతకుముందే చూసింది. అది చెక్కతో చేసిన చిన్న గొట్టం. వెడల్పుగా ఉన్న చివర కడుపు మీద ఆనించి, రెండో చివర చెవి పెడితే లోపలి బిడ్డ గుండె వినిపిస్తుంది.

"ఆ గొట్టం పెట్టి ఒక్కతూరి నాది కూడా ఇనమ్మా," అంది. "ఏం లేదంటే పోతా. ఇంగ నిన్నేం అడగను."

ఏమీ లేదని చూపించి పంపేద్దామనే పెట్టాను. ముద్దకు కుడిపక్క, కొంచెం కిందగా.

మొదట పేగుల గొణుగుడు వినిపించింది. గొట్టం కొంచెం జరిపాను. అప్పుడు వినిపించింది. దిండు కింద గడియారం పెడితే వచ్చే చప్పుడులా ఉంటుందని మాకు చదువులో చెప్పేవాళ్లు. అప్పటికే వందల కడుపుల మీద విన్న చప్పుడు. తొందర తొందరగా, ఎక్కడా తప్పకుండా, శుభ్రంగా కొట్టుకుంటోంది.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆమె నా మొహం చూస్తుంది. చాలాసేపు అలాగే వంగి ఉన్నాను. తర్వాత ఏమీ చెప్పకుండా వెళ్లి ఎస్తేరమ్మను పిలుచుకొచ్చాను. నాకంటే పెద్ద నర్సు. సుంకమ్మ సంగతి ఆమెకేమీ తెలియదు. కొత్తగా వచ్చిన గర్భిణి, కొంచెం వినండని మాత్రమే అన్నాను. ఎస్తేరమ్మ విని, చప్పుడు బాగుందనీ, బిడ్డ కుడిపక్కకు తిరిగి ఉందనీ చెప్పి తన పని మీద వెళ్లిపోయింది.

అప్పుడు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు. తల్లి గుండె చప్పుడే గట్టి ముద్ద గుండా వినిపిస్తుంది, అలా మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారన్నారు. వచ్చి ఒక చేత్తో సుంకమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ, చెవి గొట్టానికి పెట్టారు. తల్లి నాడి ఒక లెక్కన నడుస్తుంటే, లోపలి చప్పుడు దానికి దాదాపు రెండింతల వేగంతో నడుస్తోంది. ఆమెకు అదీ చాలలేదు. సుంకమ్మను లేపి, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు గబగబా నడిపించారు. ఆయాసపడుతూ వచ్చి పడుకుంటే మళ్లీ విన్నారు. తల్లి నాడి పెరిగింది. లోపలి చప్పుడు మారలేదు.

డాక్టరమ్మ గొట్టం నా చేతికిచ్చి చెయ్యి తుడుచుకున్నారు.

తర్వాత ఆమె ఆలోచించింది ఇది. పాత ముద్ద పాతదే. ముట్టు కనిపిస్తున్నా, దాంతో పాటు ఇప్పుడు కొత్తగా గర్భం వచ్చింది. ముద్ద చాటున ఉండడం వల్ల చేతికి తెలియడం లేదు. నెలలు నిండితే బిడ్డ బయటికొచ్చే దారికి ఈ ముద్ద అడ్డం పడుతుంది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. కాబట్టి బిడ్డ బతికేంత పెరిగేదాకా ఇక్కడే ఉంచుకుని, అప్పుడు కోసి తీయాలి. ఇంతకంటే సబబైన మాట ఏ డాక్టరైనా చెప్పగలరని నేను ఇప్పటికీ అనుకోను.

సుంకమ్మ మాత్రం కొత్త బిడ్డ అన్న మాట ఒప్పుకోలేదు. "కొత్తది యాడ్నుంచి వస్తాదమ్మా? ఇది అప్పుటి బిడ్డే. ఇన్నాళ్లు పండుకోని ఉండె, ఇబుడు లేసింది," అంది.

ఆ మాటలోని అర్థం ఆమె భర్త వచ్చినప్పుడు తెలిసింది. అతని పేరు బజారప్ప. జొన్నరొట్టెల మూట పట్టుకుని, చెప్పులు బయట విడిచి, వరండాలో ఒదిగి నిలబడ్డాడు. డాక్టరమ్మ సంతోషమైన వార్త చెప్పినట్టే చెప్పారు. లోపల బతికున్న బిడ్డ ఉందనీ, గుండె బాగా కొట్టుకుంటోందనీ.

బజారప్ప రొట్టెల మూట ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఏ బిడ్డమ్మా?" అన్నాడు. "నేను ఆయమ్మ దగ్గరికి పోయి శానా ఏండ్లాయ."

అతని గొంతులో కోపం లేదు. దానికే నాకు భయమేసింది. రంగమ్మ ముందుకొచ్చి, అక్క యాడికీ పోలేదనీ, ప్రతి రాత్రి తన పక్కనే పిల్లల మధ్య పండుకుంటాదనీ చెప్పింది. సుంకమ్మ మంచం మీద నుంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. ఇది నీ బిడ్డే, అప్పుటిదే అంది. అతను ఆమె వైపు తల తిప్పలేదు. రొట్టెల మూట రంగమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వు వస్తావా, ఈడ్నే ఉంటావా?" అని అడిగాడు.

రంగమ్మకు ఇంటి దగ్గర పాలు తాగే పిల్ల ఉంది. అయినా ఆమె కదల్లేదు. బజారప్ప చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు సుంకమ్మ మా దగ్గరే ఉంది. మేము ముట్టుకున్న నీళ్లు తాగేది కాదు. రంగమ్మ బయట మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని వండి తెచ్చేది. అది ఆ రోజుల్లో మామూలే, మేమెవరం పట్టించుకునేవాళ్లం కాదు. రోజూ ఉదయం నేను గొట్టం పెట్టి వినేదాన్ని. చప్పుడు ఒక్క రోజు కూడా తప్పలేదు. నిజం చెప్పాలంటే పోనుపోను గట్టిగా వినిపించేది. మిగతా మంచాల ఆడవాళ్లకు సుంకమ్మ సంగతి తెలిసిపోయింది. వచ్చి ఆమె కడుపు ముట్టుకుని వెళ్లేవాళ్లు. ఆమె అందరినీ ముట్టుకోనిచ్చేది. భర్త అన్న మాట గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. బిడ్డ మొహం చూస్తే ఆయప్పకే తెలుస్తాదిలే అని మాత్రం ఒకరోజు నాతో అంది.

వానలు పడాల్సిన రోజుల్లో వానలు పడలేదు. ఆ వేడిలోనే సుంకమ్మకు వాంతులు మొదలయ్యాయి. కడుపునొప్పితో ముడుచుకుపోయేది. అన్నం పూర్తిగా మానేసింది. ముద్ద పేగులను ఒత్తుతోందనీ, ఇక ఆగితే ప్రమాదమనీ డాక్టరమ్మ అన్నారు. బిడ్డ కూడా అప్పటికి బతికేంత అయి ఉంటుందని లెక్క వేశారు. భర్తకు కబురు పంపితే రాలేదు. రంగమ్మ వేలిముద్ర వేసింది.

ఉదయం, ఎండ బాగా వచ్చాక ఆపరేషన్. ఆ గదికి పెద్ద కిటికీ ఉండేది, వెలుతురు కోసం ఆ వేళకే చేసేవాళ్లు. పుట్టబోయే బిడ్డ కోసం వేడినీళ్లు, మెత్తటి పాత గుడ్డలు, చిన్న తొట్టి సిద్ధం చేశాను. మత్తు ఇచ్చే ముందు చివరిసారి గొట్టం పెట్టి విన్నాను. చప్పుడు ఉంది. డాక్టరమ్మ కూడా విన్నారు, ఉందన్నట్టు తల ఊపారు. ఎస్తేరమ్మ క్లోరోఫారం ఇచ్చింది.

డాక్టరమ్మ కడుపు తెరిచారు.

గర్భసంచి కనిపించింది. పెద్ద జామకాయంత ఉంది. గర్భం లేని ఆడదానికి ఎంత ఉంటుందో అంతే. దాని వెనక, పేగుల మధ్య ఇరుక్కుని రాతిబిడ్డ ఉంది. తెల్లటి మట్టి రంగులో, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉంది. ఒక చెయ్యి చెంప కింద ఉంది. వేళ్లు దేనికదే తెలుస్తున్నాయి. ఆడబిడ్డ. పేగులు దాన్ని అన్ని వైపుల నుంచి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీస్తుంటే రక్తం ఆగడం లేదు.

దాన్ని తీసి నా చేతుల్లో పెట్టి, డాక్టరమ్మ మళ్లీ లోపల వెతికారు. చెయ్యి పైకి పెట్టి కాలేయం కింద దాకా, వెనక్కి వెన్నెముక దాకా చూశారు. ఎస్తేరమ్మ ఇంక చాలమ్మా, నాడి పడిపోతాంది అనేదాకా వెతుకుతూనే ఉన్నారు. ఇంకో బిడ్డ లేదు.

నేను రాతిబిడ్డను పక్క గదికి తీసుకెళ్లి గుడ్డలో పెట్టాను. అక్కడ ఎవరూ లేరు. గొట్టం దాని వీపుకు ఆనించి విన్నాను. ఏమీ లేదు.

సాయంత్రానికి సుంకమ్మకు తెలివొచ్చింది. బిడ్డ ఏడ్చిందా అని అడిగింది. డాక్టరమ్మ మంచం మీద ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పారు. బిడ్డను చూస్తానంది. తెచ్చి చూపించాం. సుంకమ్మ దాని మొహం మీద వేలితో రాసి, చెవులు ముట్టుకుని, ఆయప్ప ముక్కే అంది. ఏడవలేదు. దాన్ని పక్కనే పెట్టమంది. గుడ్డ చుట్టి పక్కన పడుకోబెట్టాం.

మర్నాడు జ్వరం వచ్చింది. ఆ మర్నాడు కడుపు ఉబ్బడం మొదలైంది. లోపల చీము పడుతోందని మా అందరికీ తెలుసు. చీము మీద పనిచేసే మాత్రలు అప్పుడప్పుడే వచ్చాయి కానీ, యుద్ధం వల్ల దొరికేవి కావు. ఉన్న నాలుగూ వేశాం. దాహం దాహమని అడిగేది. రంగమ్మ లేనప్పుడు నేనే నీళ్లు పట్టేదాన్ని. తాగేది.

అలా నీళ్లు పట్టేటప్పుడే నా చెయ్యి పట్టుకుంది.

"తీసేస్తిరి గదమ్మా," అంది. "మరి ఇంగా ఏం కదలతాండాది?"

అంతకుముందు కదలిక గురించి చెప్పినప్పుడల్లా ఆమె మొహంలో వెలుగు ఉండేది. ఇప్పుడు లేదు. ఇప్పుడు ఆమె భయపడుతోంది. నేను డాక్టరమ్మకు చెప్పాను. ఉబ్బిన పేగులు, జ్వరం, అంతే అన్నారు ఆమె. నిజమే అయి ఉంటుంది. కట్టు మీద గొట్టం పెట్టి విందామని ఆమె అనలేదు. నేనూ అనలేదు.

ఇంకా రెండు రోజులు బతికింది. మధ్యాహ్నం పూట, వార్డులో అందరూ ఎండకు సొమ్మసిల్లి ఉన్న వేళ, ఆమె నాడి దారంలా అయిపోయింది. డాక్టరమ్మ మణికట్టు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. రంగమ్మ తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతోంది. సుంకమ్మ కళ్లు తెరిచి నన్ను వెతికింది. పెదాలు కదిలాయి. నేను వంగాను.

"ఒక్కతూరి ఇను," అంది.

పోయే మనిషి అడిగింది కదా అని గొట్టం తెచ్చాను. కట్టు కింది అంచు దగ్గర, కుడిపక్క ఆనించి చెవి పెట్టాను.

వినిపించింది. రోజూ ఎలా వినిపించేదో అలాగే. తొందరగా, శుభ్రంగా.

ఎంతసేపు విన్నానో తెలియదు. నా తల పైన డాక్టరమ్మ గొంతు వినిపించింది. "అయిపోయింది రూతమ్మా. లే." నేను లేవలేదు. చప్పుడు నడుస్తూనే ఉంది. ఒక చెయ్యి పైకెత్తి ఆగమన్నట్టు చూపించాను. ఆమె నా భుజం పట్టుకుని పక్కకు జరిపి, నా చోట వంగి చెవి పెట్టారు. నేను సుంకమ్మ మెడ మీద వేళ్లు పెట్టి చూశాను. ఏమీ లేదు. కనురెప్ప ఎత్తి చూశాను. ఆమె పోయింది, అందులో సందేహం లేదు.

డాక్టరమ్మ ఇంకా వింటూనే ఉన్నారు. తర్వాత గొట్టం నేల మీద పడేసి కత్తి అడిగారు.

తల్లి పోయాక లోపలి బిడ్డ కొద్ది నిమిషాలే బతుకుతుంది. కాన్పులు చేసే ప్రతి ఒక్కరికీ ఆ మాట తెలుసు. అక్కడికక్కడ, ఆ మంచం మీదే కట్టు కోసి, కుట్లు తెంపి, డాక్టరమ్మ చేతులు లోపలికి పెట్టారు. రంగమ్మ తన అక్క తల ఒళ్లోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. అరవలేదు. తనకు కూడా ఏదో ఆశ కలిగిందేమో, నాకు తెలియదు.

లోపల ఏమీ లేదు. చీము, రక్తం, ఖాళీ గర్భసంచి. డాక్టరమ్మ దాన్ని కూడా కోసి చూశారు. అక్కడా ఏమీ లేదు.

చప్పుడు ఎప్పుడు ఆగిందో మాకు తెలియదు. గొట్టం తీసేసరికి ఇంకా ఆగలేదు.

నేనూ ఎస్తేరమ్మా కలిసి మళ్లీ కుట్లు వేసి, ఒళ్లు కడిగి, చీర కట్టాం. డాక్టరమ్మ బావి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

చనిపోయిందన్న కబురు విని బజారప్ప బండి కట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మే అతన్ని లోపలికి పిలిచి, గుడ్డ విప్పి రాతిబిడ్డను చూపించారు. కొత్త బిడ్డ ఎవరూ లేరనీ, లోపల ఉన్నది ఇదొక్కటేననీ, ఇది ఎనిమిదేళ్ల కిందటి బిడ్డేననీ, మీ బిడ్డేననీ చెప్పారు. అతను నేల మీద చతికిలబడ్డాడు. బిడ్డను ముట్టుకోలేదు. కాసేపటికి తల ఎత్తాడు.

"మరి గుండె కొట్టుకుంటాండాదని మీరే చెప్తిరి గదమ్మా?"

డాక్టరమ్మ రాతిబిడ్డ మీద గుడ్డ మళ్లీ కప్పారు.

"మీరు చెప్పకుంటే నేను ఆ మాట అనేవాణ్ని కాదు," అన్నాడు అతను. తర్వాత లేచి బండిలో గడ్డి సర్దాడు. సుంకమ్మను ఎక్కించారు. రాతిబిడ్డను రంగమ్మ ఒళ్లో పెట్టుకుంది. బండి కదిలిపోయింది. తర్వాత వాళ్లేమయ్యారో నాకు తెలియదు.

ఆ సంగతి మీద డాక్టరమ్మా నేనూ మాట్లాడుకున్నది ఒకే ఒక్కసారి. యుద్ధం అయిపోయాక ఆమె ఆ ఆసుపత్రి వదిలి వాళ్ల ఊరి వైపు వెళ్లిపోతున్నప్పుడు సామాను కట్టడానికి సాయం వెళ్లాను. ఇద్దరమే ఉన్నాం. అమ్మా, ఆ రోజు మనం విన్నది ఏమిటని అడిగాను. ఆమె పెట్టెకు తాడు బిగిస్తూనే చెప్పారు.

"నాకు తెలియదు. నువ్వు విన్నావు, నేను విన్నాను. ఏమిటో తెలియనిదాన్ని నమ్మి ఒక మనిషి కడుపు రెండుసార్లు కోశాను."

చెవి మోసం చేసిందనుకుందామంటే ముగ్గురి చెవులు ఒకేలా ఎందుకు మోసం చేస్తాయి? తల్లి గుండె అనుకుందామంటే అది అప్పటికే ఆగిపోయింది. ఉబ్బిన పేగుల్లో గాలి చప్పుడు అంత లెక్కగా, వారాల తరబడి, రోజూ ఒకే చోట వినిపిస్తుందా? తర్వాత పెద్ద ఆసుపత్రుల్లో చదువుకున్న డాక్టర్లను ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒకరిద్దరు నవ్వారు. ఒకాయన మర్యాదగా విని, మీరు అప్పుడు చిన్నవారు కదా అన్నాడు. దయ్యమని అనను. ఏమని అనాలో కూడా తెలియదు.

అది వింతగా వినిపించి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నిండా ప్రాణంతో ఉన్న ఏ బిడ్డ గుండెకూ, ఆ చప్పుడుకూ ఇసుమంత తేడా లేదు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కాన్పులు చేశాను. గొట్టం పెట్టి వినేటప్పుడు తల్లులు ఊపిరి బిగబట్టి నా మొహం వైపే చూస్తారు. చప్పుడు బాగుందని చెప్పేదాన్ని. బిడ్డ బాగుందని మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.